పని తరలినప్పుడు పనివాని మాటేమి?

ఉన్న ఊరు కన్నతల్లి వంటిదని పెద్దలు చెప్పిన మాటను మన కణేకల్ ప్రాంతమువారు కాదనరు. కాని ఆ తల్లి చేతిలో అన్నివేళల అన్నము ఉండదని కూడ వారికి బాగుగా తెలుసు. తుంగభద్ర ఎగువ కాలువ నీరు సమయమునకు వచ్చిన ఏడు చెరువు క్రింద వరి పచ్చగా కనిపిస్తుంది. రాని ఏడు వేదవతి ఒడ్డున గాలికి లేచిన ఇసుక పొలముల మీదికి వచ్చి కూర్చుంటుంది. అందుచేత ఇక్కడివారు పనిని వెదకికొని పోవుటకు ఏనాడో అలవాటు పడినారు. రాయదుర్గములో జీన్సు కుట్టు పనికి పోయేవారున్నారు, బళ్ళారికి పోయేవారున్నారు, బెంగుళూరులో ఇటుకలు మోసేవారున్నారు. మనిషి పని వెంట పోవుట మనకు క్రొత్త సంగతి కాదు.

ఈ వ్యాసములో మేము విచారింపదలచినది దీనికి కొంచెము భిన్నమైన విషయము. మనిషి ఉన్నచోటనే ఉండగా, అతడు నమ్ముకొన్న పనియే లేచి మరొక చోటికి పోయినప్పుడు ఆ మనిషికి గల హక్కులేమి? రాకపోకలు భారమైన నాడు ఆ భారమును ఎవరు మోయవలెను? పైకి ఇది చిన్న ప్రశ్నవలె కనిపిస్తుంది. కాని దీని క్రింద నలిగిన కుటుంబములు అనేకము. అందులో మాది ఒకటి.

మేము ఆరవ తరగతి చదువుచున్న రోజులలో మా తండ్రిగారు ఒక వేరుశనగ మిల్లులో గుమాస్తాగా ఉండేవారు. ఆ మిల్లు పేరుగాని, యజమాని పేరుగాని ఇచట అప్రస్తుతము. అందులో పన్నెండుగురు పనివారు. మా తండ్రిగారిది అక్కడ పదునాలుగేండ్ల సేవ. ఒక శనివారము సాయంకాలము తూకపు కాటా లారీ ఎక్కుచుండగా చూచి, మిల్లు వేరొక పట్టణమునకు పోవుచున్నదని ఆయన తెలిసికొన్నారు. అంతకుముందు ఒక్క మాట చెప్పినవారు లేరు. "సోమవారము నుండి అక్కడికి రండి. జీతములో తగ్గింపేమీ లేదు" అని మాత్రము సెలవైనది.

జీతములో తగ్గింపు లేనిమాట నిజమే. తగ్గినది జీవితము. తెల్లవారుజామున నమాజు ముగించుకొని, సద్ది మూట కట్టించుకొని మొదటి బస్సుకు పోయేవారు. అది చేరునప్పటికి మిల్లు తెరచి అరగంట అయ్యేది. ఆలస్యమునకు కోత పడేది. రాత్రి చివరి బస్సు దిగి ఇల్లు చేరునప్పటికి మేము నిద్రపోయి ఉండేవారము. తండ్రిని ఆదివారము నాడు మాత్రమే చూచు పిల్లలమైనాము. పందొమ్మిది నెలలు ఆ విధముగా తిరిగి, నడుము పట్టివేయగా, ఒక తెల్లకాగితము మీద "స్వంత కారణములచేత పని మానుకొనుచున్నాను" అని వ్రాసి ఇచ్చి వచ్చినారు. తనంతట తాను మానుకొన్నవానికి ఇచ్చునదేమియు లేదని లెక్కలు చూచువారు చెప్పినారు. ఆయన నమ్మినారు.

ఆ మాట అబద్ధమని మాకు చాల ఏండ్ల తరువాత, చట్టములు చదివిన పిదప తెలిసినది. పదిమంది, అంతకు మించి పనిచేయు సంస్థలో అయిదేండ్లు నిండిన ఉద్యోగి రాజీనామా చేసినను, ఆనాడు అమలులో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టము ప్రకారము ఏడాదికి పదునైదు దినముల వేతనము చొప్పున ఆతనికి రావలసియుండెను. పదునాలుగేండ్లకు రావలసిన ఆ సొమ్ము మా ఇంటికి రాలేదు. ఇది అజ్ఞానమునకు మేము చెల్లించిన వెల. కాని మమ్ము ఇన్నేండ్లుగా బాధించుచున్నది ఆ సొమ్ము కాదు, "స్వంత కారణములు" అను ఆ రెండు మాటలు. మిల్లు తరలిపోవుట మా తండ్రిగారి స్వంత కారణమెట్లైనది?

ఇక మన రాష్ట్ర చరిత్ర వైపు చూచెదము. కొలువులు తరలుట తెలుగువారు ఎరిగినంతగా ఎరిగినవారు అరుదు. 1327 ప్రాంతమున ఢిల్లీ నుండి దౌలతాబాదుకు రాజధానిని మార్చిన ముహమ్మద్ బిన్ తుగ్లక్ కథను మనము పాఠ్యపుస్తకములో చదివి నవ్వుకొన్నాము. కాని మన ముందటి తరముల సంగతి చూడుడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు మద్రాసులోని ఉద్యోగులు కర్నూలుకు రావలసివచ్చినది. కట్టడములు చాలక గుడారములలో కార్యాలయములు నడిచినవి. మూడేండ్లు నిండి నెల గడచునంతలో, 1956 నవంబరు 1న, కర్నూలు నుండి హైదరాబాదుకు మరల మూటలు కట్టినారు. పిల్లల బడులు మారినవి, ఇండ్లు మారినవి. ఆ గుమాస్తాల భార్యలు ఎన్ని పొయ్యిలు వేసి ఎన్ని పొయ్యిలు ఆర్పినారో ఏ చరిత్రకారుడును వ్రాయలేదు.

అరువదియేండ్ల తరువాత అదే కథ వెనుకకు నడచినది. 2014 జూన్ 2న రాష్ట్రము రెండైనది. హైదరాబాదు పదేండ్లకు మించని కాలము ఉమ్మడి రాజధానిగా ఉండవచ్చునని చట్టము చెప్పినను, 2016లోనే ఆంధ్రప్రదేశ్ సచివాలయము వెలగపూడికి తరలినది. ఆ ఉద్యోగులలో అనేకులు హైదరాబాదులో ఇండ్లు కట్టుకొన్నవారు. భార్య ఒక కార్యాలయములో, భర్త మరొక కార్యాలయములో ఉన్నవారు, పిల్లలను పదవ తరగతిలో, ఇంటర్మీడియెట్‌లో చదివించుచున్నవారు. వారి సంఘములు గట్టిగా మాట్లాడినవి. ఫలితముగా వారానికి అయిదు పనిదినములు వచ్చినవి. హైదరాబాదులో పొందుచున్న ముప్పది శాతము ఇంటి అద్దె భత్యము క్రొత్త చోట కూడ కొనసాగినది. కొందరికి ఉచిత వసతి దొరికినది. విజయవాడకును సికింద్రాబాదుకును మధ్య ఒక రైలు క్రొత్తగా నడిచినది. అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి. నిర్ణీత గడువులోపల తెలంగాణము నుండి తరలివచ్చినవారి పిల్లలు చదువులలో, ఉద్యోగములలో స్థానికులుగా పరిగణింపబడునట్లు రాష్ట్రపతి ఉత్తర్వులు సవరింపబడినవి.

ఈ సదుపాయములను చూచి కొందరు ఈసడించినారు. "జీతము తీసికొనువారికి ఇన్ని లాలనలా?" అని ప్రశ్నించినారు. మా అభిప్రాయము వేరు. అవి లాలనలు కావు. కొలువు తరలినప్పుడు కలుగు నష్టమును లెక్కకట్టి, అందులో కొంత భాగమును తరలించినవారు మోయుట అది. వసతి, రాకపోక, కాలము, పిల్లల చదువు అను నాలుగు పద్దులును అందులో ఉన్నవి. ఇంతకంటె చక్కని నమూనా మన కండ్ల ఎదుట మరొకటి లేదు. మా ఆక్షేపణ ఒక్కటే. సంఘబలము ఉన్నచోట కురిసిన ఈ వాన, బలము లేనిచోట ఏల కురియదు? సచివాలయపు ఉద్యోగికి కలిగిన ఇబ్బంది మిల్లు గుమాస్తాకు కలుగదా? కుట్టుయంత్రము ముందు కూర్చున్న స్త్రీకి కలుగదా?

గడువు సంగతి కూడ ఇచట చెప్పవలెను. హైకోర్టు విభజనకు రాష్ట్రపతి ఉత్తర్వు 2018 డిసెంబరు 26న వెలువడినది. 2019 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వేరుగా పనిచేయవలసివచ్చినది. నడుమ ఉన్నవి ఆరు దినములు కూడ కావు. న్యాయము చెప్పు స్థానమునకే అంత తొందర తప్పనప్పుడు సామాన్యుని కొలువు మాట చెప్పనేల? మన జిల్లా వరకు వచ్చెదము. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రములో పదమూడు జిల్లాలు ఇరువదియారు అయినప్పుడు, అనంతపురము నుండి విడివడి పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. కణేకల్ అనంతపురము జిల్లాలోనే నిలిచినది. కాని అనంతపురములో స్థిరపడిన ఎందరో ఉద్యోగులకు కార్యాలయము సుమారు ఎనుబది కిలోమీటర్ల అవతలికి పోయినది. జిల్లాలు దగ్గర కావలెనన్నదే ఆ మార్పు ఉద్దేశము. ప్రజలకు కార్యాలయము దగ్గరైనది, మంచిదే. అందులో పనిచేయువానికి ఇల్లు దూరమైనదన్న సంగతి కూడ ఆ లెక్కలో చేరవలెను.

చట్టము ఏమి చెప్పుచున్నది? విద్యార్థులు ఈ భాగమును శ్రద్ధగా చదువవలెనని మా కోరిక. బదిలీ అనునది ఉద్యోగములో అంతర్భాగమని మన సర్వోన్నత న్యాయస్థానము పలుమారులు చెప్పినది. బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు ఇబ్బందులను విన్నవించుకొనవచ్చును గాని, ఉత్తర్వు రద్దు కాకుండ చేరకపోవుట క్రమశిక్షణకు విరుద్ధమని 1989లో ఒక తీర్పు వచ్చినది. కావున కోపముతో ఇంట కూర్చుండుట మార్గము కాదు. వ్రాతపూర్వకముగా అభ్యంతరము తెలిపి, చేరి, ఆపై పోరాడుట మార్గము.

అయితే యజమాని అధికారమునకు హద్దు లేకపోలేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టము, పనివారి సేవా నిబంధనలలో కొన్నింటిని మార్చవలెనన్న ముందుగా నోటీసు ఇచ్చి ఇరువదియొక్క దినములు ఆగవలెనని విధించినది. 2025 నవంబరు 21 నుండి దాని స్థానములో అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడ ఆ నియమమును ఉంచినది. మధ్యప్రదేశములోని దేవాస్ నుండి రాజస్థానములోని చోపాంకికి, సుమారు తొమ్మిదివందల కిలోమీటర్ల దూరమునకు, తొమ్మిదిమంది కార్మికులను ఒక కర్మాగారము బదిలీ చేసినది. అక్కడ వారి పని స్వభావమే మారి, కార్మికులకుండు రక్షణ పోవునట్లు ఉన్నదని, నోటీసు లేకుండ అట్లు చేయుట చెల్లదని 2021 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ తొమ్మిదిమందిని మనము గుర్తుంచుకొనవలెను. వారు రాజీనామా వ్రాయలేదు.

దారిలో జరుగు ప్రమాదము సంగతి మరొకటి. ఇంటి నుండి పనికి పోవుచు గాయపడినవాడు పనిలో గాయపడినట్లు కాదని చాలకాలము వాదించినారు. 2010లో ఉద్యోగుల రాజ్యబీమా చట్టమును సవరించి, ఆ ప్రయాణమునకును పనికిని సంబంధము రుజువైనచో అదియు పనిలో జరిగినదే అని చేర్చినారు. రాత్రి కాపలా పనికి మోటారుసైకిలు మీద పోవుచు మరణించిన ఒక చక్కెర కర్మాగారపు కాపలాదారు కుటుంబమునకు 2025 జూలైలో సర్వోన్నత న్యాయస్థానము ఇదే న్యాయమును అన్వయించినది. అనగా ఇంటికి, పనికి నడుమనున్న దారి పనిలో భాగమేనని ప్రమాదము విషయములో చట్టము ఒప్పుకొన్నది. ప్రాణము పోయినప్పుడు పనిలో భాగమైన దారి, ప్రాణముతో ఇల్లు చేరిన దినమున కాకుండ ఎట్లు పోవును?

ఒక చిన్న లెక్క వేసి చూడుడు. తరలింపు వలన రోజుకు పోవుటకు రెండు గంటలు, వచ్చుటకు రెండు గంటలు అధికమైనవనుకొందము. నెలకు ఇరువదియైదు పనిదినములు. నూరు గంటలు. దినమునకు ఎనిమిది గంటల చొప్పున పన్నెండున్నర దినముల పని. జీతము మారలేదని చెప్పుచునే, నెలలో పన్నెండున్నర దినములను ఆ ఉద్యోగి నుండి ఊరక తీసికొన్నట్లైనది. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రములో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది. సంతోషింపదగిన విషయము. దానివలన టికెట్టు భారము తగ్గినది గాని గంటల భారము తగ్గలేదు. ఇంట పాలుత్రాగు బిడ్డ ఉన్న తల్లికి బస్సు టికెట్టు కంటె ఆ గంటలే ప్రియమైనవి.

యజమానుల పక్షమున చెప్పదగినది లేదా? ఉన్నది. అద్దె గడువు ముగియవచ్చును. నీరు దొరకకపోవచ్చును. కరెంటు, రోడ్డు, సరుకు ఉన్నచోటికి పోనిదే సంస్థ నిలువదనిపించవచ్చును. కదలక మూతపడిన సంస్థ కంటె కదలి బ్రతికిన సంస్థ పనివారికి కూడ మేలే. కరవు సీమలో పుట్టినవారము గనుక ఈ మాటలోని సత్యము మాకు తెలుసు. తరలించు హక్కును మేము కాదనుట లేదు. తరలించుటకు అయ్యే ఖర్చులో లారీల కిరాయి ఎట్లు వ్రాసుకొందురో, మనుషుల కష్టమును కూడ అట్లే వ్రాసుకొనవలెనని మాత్రమే అడుగుచున్నాము. యంత్రమును విప్పి, పొట్టులో పెట్టి, పగులకుండ తీసికొనిపోయెదరు. మనిషి విషయములో ఆ పాటి జాగ్రత్త అక్కరలేదా?

బ్రిటన్ దేశమున 1996 నాటి ఉద్యోగ హక్కుల చట్టము ఈ చిక్కును ఒక విధముగా విప్పినది. ఉద్యోగి పనిచేయుచున్న స్థలములో యజమాని వ్యాపారము ఆపివేసినచో, ఆ కారణమున పని కోల్పోయినవాడు రాజీనామా చేసినవాడు కాడు, పని లేక తొలగింపబడినవాడు. రెండేండ్ల సేవ ఉన్నవానికి పరిహారము ఉన్నది. మారిన నిబంధనలతో వేరొక పని చూపినచో, అది తనకు తగునో తగదో నాలుగు వారములు చేసి చూచుకొను అవకాశము ఉన్నది. ఆ దేశపు సంపద మనకు లేకపోవచ్చును. ఆ ఆలోచన తెచ్చుకొనుటకు సంపద అక్కరలేదు. ఆ చట్టమే మనకుండినచో మా తండ్రిగారి కాగితము మీద "స్వంత కారణములు" అను మాట ఉండెడిది కాదు.

ఇక మా వంటి అధ్యాపకుల సంగతి. 1988లో సర్వోన్నత న్యాయస్థానము ఉపాధ్యాయులు ఆ పారిశ్రామిక చట్టపు అర్థములో కార్మికులు కారని తీర్పు చెప్పినది. కావున పైన చెప్పిన ఇరువదియొక్క దినముల నోటీసు మాకు వర్తింపదు. మాకు మిగిలినది నియామక పత్రము, సర్వీసు నియమములు, ఆపై యాజమాన్యము యొక్క మంచితనము. మంచితనము గొప్పదే. కాని అది ఒక కమిటీతో వచ్చి మరొక కమిటీతో పోవచ్చును. వ్రాసిపెట్టిన నియమము నిలిచియుండును.

ఈ మాట ఇచట వ్రాయుటకు కారణము లేకపోలేదు. మన కళాశాలను ఊరి వెలుపల విశాలమైన స్థలమునకు మార్చవలెనను ఆలోచన కొంతకాలముగా వినవచ్చుచున్నది. ఇరుకు గదులలో పాఠము చెప్పువారము గనుక ఆ ఆలోచనను మేము మనసార హర్షించుచున్నాము. కాని కమిటీ పెద్దలకు సవినయముగా ఒక మనవి. ఉదయము అందరికంటె ముందు వచ్చి గదులు ఊడ్చు ఆమె కాలినడకన వచ్చుచున్నది. అటెండరు ఒకరు మధ్యాహ్నము ఇంటికి పోయి మంచము పట్టిన తల్లికి అన్నము పెట్టి వచ్చుచున్నారు. బుర్ఖాలో వచ్చు మన విద్యార్థినులలో పలువురి తండ్రులు "దగ్గరే కదా" అను ఒక్క మాట మీద వారిని చదువుకు పంపుచున్నారు. ఆ దగ్గర పోయిననాడు వారి చదువు నిలుచునా? స్థలము కొలిచినప్పుడు ఈ దూరములను కూడ కొలువవలెనని మా ప్రార్థన.

మేము కోరునవి పెద్ద కోరికలు కావు. నిర్ణయమునకు ముందు ఉద్యోగులను, విద్యార్థుల తల్లిదండ్రులను పిలిచి అడుగవలెను. కనీసము ఆరు నెలల ముందుగా వ్రాతపూర్వకముగా తెలుపవలెను. తరలింపు విద్యాసంవత్సరము నడుమ కాక, పరీక్షల పిదప వేసవిలో జరుపవలెను. ఊరి నుండి క్రొత్త స్థలమునకు ఉదయము, సాయంకాలము బస్సు ఏర్పాటు చేయవలెను. అది కుదురునంతవరకు పనివేళలను ఉన్న బస్సుల వేళలకు సరిపెట్టవలెను. ఎంత చేసినను రాలేనివారు ఉన్నచో వారి సేవకు తగిన పరిహారము ఇచ్చి, గౌరవముగా పంపవలెను. వారిచేత తెల్లకాగితము వ్రాయింపరాదు.

విద్యార్థులారా, మీలో అనేకులు రేపు రాయదుర్గములోనో, అనంతపురములోనో, బెంగుళూరులోనో ఒక కొలువులో చేరెదరు. చేరిననాడే నియామక పత్రమును పూర్తిగా చదువుడు. "సంస్థ ఎచటికి పంపినను పోవలసియుండును" అను వాక్యము అందులో ఉన్నదేమో చూచుకొనుడు. నోటిమాటగా వచ్చిన ఉత్తర్వును కాగితము మీద అడుగుడు. గ్రాట్యుటీ, భవిష్యనిధి లెక్కలు దాచుకొనుడు. సంఘమున్నచోట సంఘములో చేరుడు, లేనిచోట నలుగురు కలిసి ఒక అర్జీ వ్రాయుడు. మీలో యజమానులు కాగలవారు కూడ ఉన్నారు. అది మాకు మరింత ఆశ కలిగించుచున్నది. మీ కాటా లారీ ఎక్కక ముందే మీ గుమాస్తాను పిలిచి, "ఏమయ్యా, నీకెట్లు వీలగును?" అని ఒక్క మాట అడుగుడు.

మా తండ్రిగారిని ఆనాడు ఎవరైనను ఆ మాట అడిగియుండినచో, బహుశా ఆయన ఇంకొక దారి చెప్పియుండెడివారు. అడుగలేదు. ఇప్పటికిని మా ఇంటి పెట్టెలో ఆ రాజీనామాకు నకలు ఉన్నది. "స్వంత కారణములచేత" అను మాటల క్రింద ఆయన సంతకము కొంచెము వణకి కనిపిస్తుంది. ఈ కళాశాల నుండి పోవు ఏ ఉద్యోగి చేతను అటువంటి కాగితము వ్రాయింపబడరాదని మా కోరిక.